శనివారం సమాధి పాఠం

మా అత్త ఏ పని చేస్తూ కూర్చున్నా చివరికి మాటను మామ సమాధి దగ్గరికే తెచ్చేది. చిక్కుడుకాయలు గిల్లుతున్నా అంతే, దూడకు కుడితి కలుపుతున్నా అంతే. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే ఆ సంగతి విన్నాను. ఆ తర్వాత వింటూనే ఉన్నాను. వినీ వినీ, నేను అక్కడ లేకపోయినా ఆ వాన నా ఒంటిమీదే పడినట్టు ఉండేది.

మామ పోయింది వానాకాలంలో. మాది బొల్లాపల్లి వైపు మెట్ట పల్లె. మా చర్చికి అప్పుడూ సొంత పాస్టరు లేడు, ఒకే అయ్యగారు చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూసుకునేవారు. మామ పోయిన రోజు ఆయన వాగుకు అవతల ఊళ్ళో ఉన్నారు. వాగు పొంగింది. కబురు వెళ్ళింది గాని మనిషి రాలేకపోయారు. పుస్తకం చదవగలిగిన సంఘపెద్ద కూతురి ఊరికి పోయి ఉన్నాడు. పొద్దువాలే దాకా చూశారు. ఇక ఉంచడానికి లేదన్నారు. నీళ్ళూరుతున్న గుంటలోకి దించాక ఎవరో ఒకాయన "దేవా, దేవా" అని, ఆ పైన ఏం అనాలో తెలియక ఆగిపోయాడట. అంతే, మన్ను కప్పేశారు.

"గొడ్డును పూడ్చినట్టు పూడ్చారే అమ్మాయ్," అనేది అత్త. "ఒక్క మాట లేదు, ఒక్క వాక్యం లేదు. ఆదివారం పొద్దు పొడవకముందే లేచి చర్చి వాకిలి ఊడ్చిన మనిషిని."

ఆ రోజే ఆమె మనసులో ఒకటి అనుకుందట. నన్ను మాత్రం మాట లేకుండా పంపకూడదు, నా కొడుకే మాట చెప్పి పంపాలి అని. ఆ కొడుకు పెరిగి పదో తరగతి అయ్యాక తాపీమేస్త్రి అయ్యాడు. ఐదో తరగతితో బడి మానేసిన నేను ఆయనకు పెళ్ళామై, ఆయన వెనక మాలు బొచ్చె మోసే కూలీనీ అయ్యాను. పొద్దుటిపూట ఆయన గోడ కడుతుంటే నేను సిమెంటు కలిపి అందించేదాన్ని. ఆదివారం అయ్యగారు రాలేని వారం ఆయన చర్చిలో వాక్యం చదివేవాడు. పాట ఎత్తుకుంటే వెనక వరుస వాళ్ళు కూడా గొంతు కలిపేవాళ్ళు.

అయ్యగారికి వయసు మీద పడింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా వసారాలో కూర్చుని, "నా తర్వాత ఈ ఊళ్ళు ఎవరు చూస్తార్రా? నరసరావుపేటలో బైబిలు బడి ఉంది, పెళ్ళయినవాళ్ళను కూడా చేర్చుకుంటున్నారు. వెళ్ళి చదువుకో," అన్నారు. మా ఆయన తల గోక్కున్నాడు. అయ్యగారు వెళ్ళాక తల్లి దగ్గర నసిగాడు.

"ఈ వయసులో నాకు చదువేందే అమ్మా?"

"ఇటుక మీద ఇటుక పెట్టటం కడుపులోనే నేర్చుకుని పుట్టావా? ఇదీ అంతే."

"నిన్ను పూడ్చటానికి నేను రెండేళ్ళు చదవాలా?"

"నువ్వు చదివిందాకా నేను ఆగాలి గదరా. నాకు మాత్రం సులువా?"

అలా బైబిలు బడికి వెళ్ళాడు. సోమవారం మొదటి బస్సుకు వెళ్ళి శనివారం మధ్యాహ్నం దిగేవాడు. పిల్లలిద్దరూ హాస్టలులో ఉన్నారు గనుక వారమంతా ఇంట్లో అత్తా నేనే. శనివారం వస్తే ఆ వారం పాఠాలన్నీ ఆయన పైకి చదివేవాడు. పైకి చదివితే గాని ఆయనకు ఎక్కదు. ఎక్కిందో లేదో గాని, నా చెవిలో మాత్రం పడేది. పాత నిబంధన, సంఘ చరిత్ర, ప్రసంగం ఎట్లా కట్టాలి, రోగి మంచం పక్కన ఎంతసేపు కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి. ఒక శనివారం నీళ్ళ గాబు గోడ మీద సుద్దముక్కతో ఏవో వంకర గీతలు గీస్తూ కూర్చున్నాడు. గ్రీకు అక్షరాలట. అత్త చెంబు ముంచుకోవడానికి వచ్చి చూసింది.

"ఈ చేపపిల్ల ఏందిరా?"

"అది వాళ్ళ 'అ' అమ్మా."

"మన 'అ' ఉందిగా. దేవుడికి అది చాల్లేదా?"

రెండో ఏడు చేతితో చేసే పాఠాలు మొదలయ్యాయి. బాప్తిస్మం ఎట్లా ఇవ్వాలి, పెళ్ళి ఎట్లా జరిపించాలి, సమాధి దగ్గర ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలి అని. ఇంటి దగ్గర చేసి చేసి అలవాటు చేసుకుని రమ్మని వాళ్ళ సారు చెప్పారట. బాప్తిస్మానికి మా రుబ్బురోలు పొత్రాన్ని తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాడు. "బిడ్డ చానా బరువుందేందే," అని అత్త నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత సమాధి పాఠం వచ్చింది. మళ్ళీ ఆ పొత్రం వైపే చూశాడు ఆయన.

"రాయిని పూడ్చి ఏం నేర్చుకుంటావురా? ఉండు," అని అత్త తనే వసారాలో నులకమంచం వాల్చుకుంది. పడుకుని, తెల్ల దుప్పటి గడ్డం దాకా లాక్కుని, చేతులు గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఊఁ, కానీ."

ఆయనకు ముందు మనసొప్పలేదు. "అపశకునం మాటలు అమ్మా," అన్నాడు. "ప్రభువు బిడ్డవి, నీకు శకునాలేందిరా? చదువు," అంది కళ్ళు తెరవకుండానే. అప్పుడు కాళ్ళు కడుక్కుని, తల దువ్వుకుని, ఆరాధన క్రమం పుస్తకం పట్టుకుని తల దగ్గర నిలబడ్డాడు. ప్రార్థన చదివాడు, వాక్యం చదివాడు. చివర్లో మన్ను వేసేటప్పుడు చెప్పే మాట ఒకటి ఉంటుంది. మంటిలోంచి వచ్చిన మనిషిని మళ్ళీ మంటికే అప్పగిస్తున్నాం, తిరిగి లేస్తావన్న ఆశతో అప్పగిస్తున్నాం అని. చిన్న మాటే. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు కిందికి జారిపోయింది.

మంచంలోంచి అత్త అంది, "గట్టిగా చెప్పరా. చివర్న నిలబడ్డోళ్ళకి ఇనపడొద్దా?"

గట్టిగా చెప్పాడు.

"ఆఁ, అదీ," అని లేచి కూర్చుని దుప్పటి మడతపెట్టింది.

అది మొదలు, శనివారం వస్తే అత్త మంచం వాల్చుకుని సిద్ధంగా ఉండేది. ఆయన చదివేవాడు. ఆ చిన్న మాట దగ్గర ప్రతిసారీ గొంతు జారేది. ఆమె ప్రతిసారీ "గట్టిగా" అనేది. అది వినేదాకా ఆయన ఆగేవాడు కూడా. పుస్తకంలో ఆ మాట కూడా ఉన్నట్టే అయిపోయింది మా ఇంట్లో.

ఒక శనివారం పాఠం అయ్యాక ఆయన కొత్త సంగతి ఒకటి చెప్పాడు. సమాధి దగ్గర చెప్పే మాటలు పోయినవాళ్ళ కోసం కాదు, బతికున్నవాళ్ళ ఆదరణ కోసమని వాళ్ళ సారు చెప్పారట. పోయినవాళ్ళు అప్పటికే దేవుని చేతుల్లో ఉంటారు, మన మాట వల్ల వాళ్ళకు ఒకటి కలిసేది లేదు, తగ్గేది లేదు అని.

అత్త దుప్పటి మడతపెడుతున్నదల్లా ఆగింది. "అయితే మీ నాయనకి ఆ రోజు ఏం తక్కువ కాలేదంటావా?"

"ఏం తక్కువ కాలేదమ్మా."

మడత పూర్తిచేసి దుప్పటి మంచం మీద పెట్టింది. మేం ఇక ఆ సంగతి వదిలేసిందనుకున్నాం. తర్వాత ఎటో చూస్తూ, "మరి నాకు తక్కువయింది గదరా," అంది.

ఆయన పుస్తకం మూసి తల్లి పక్కన కూర్చున్నాడు.

మిరపకాయలు కళ్ళాల్లో ఎండి ఇళ్ళకు వచ్చే రోజులు అవి. మా పల్లెలో ఆడవాళ్ళందరం ఆ నెలలు తొడిమలు తీస్తూనే ఉంటాం. వేళ్ళు మండుతాయి, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. అలాంటి ఒక శనివారం మా ఆయన తల్లి తల దగ్గర నిలబడి సమాధి పాఠం చదువుతున్నాడు. నేను గడప పక్కన మిరపకాయల గుట్ట ముందు కూర్చుని ముక్కు చీదుకుంటున్నాను. పక్కింటి పిన్ని పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చింది. చూసింది. తెల్ల దుప్పటి, కొడుకు చేతిలో పుస్తకం, కోడలి కళ్ళల్లో నీళ్ళు. గిన్నె చేతిలోంచి జారిపోయింది.

"ఓ వదినా! ఒక్క మాటైనా చెప్పకుండా పోయావా వదినా!"

మేం నోరు తెరిచేలోపే చర్చి వైపు పరుగెత్తింది. ఫోన్లు ఎన్ని వచ్చినా మా పల్లెలో చావు కబురు గంటే చెప్పాలి. ఆదివారం గంట వడివడిగా మోగుతుంది. చావు గంట ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, మధ్యలో ఊపిరి పీల్చుకున్నట్టు మోగుతుంది. పిన్ని తాడు పట్టుకుని చావు గంట కొట్టింది. పొలాల్లోంచి, ఇళ్ళల్లోంచి జనం వచ్చేశారు. ఒకాయన మందు కొట్టే ట్యాంకు వీపు మీదనే ఉంచుకుని వచ్చాడు.

అత్త లేచి కూర్చుంది. "ఎవరే పోయింది?"

"నువ్వేనంట!" అన్నాడు ట్యాంకు ఆయన.

ఒక్కసారిగా నవ్వులు. పిన్ని మాత్రం వాకిట్లో కూలబడి, "నా గుండె ఆగిపోయింది గదే ముసలీ!" అని తిట్లు మొదలుపెట్టింది. అత్త మంచం మీంచే జనాన్నంతా కలియజూసింది. "ఆ చివరింటోడు రాలేదేం? సరే, గుర్తుపెట్టుకుంటాలే," అంది. వచ్చినవాళ్ళందరికీ నేను టీ కాయాల్సి వచ్చింది. అప్పటినుంచి మా ఆయన శనివారం బస్సు దిగితే టీకొట్టు దగ్గర ఇదే వేళాకోళం. "ఏం అయ్యగారూ, ఇయ్యాల మీ అమ్మకి సమాధి ఉందా?" ఆయనా నవ్వేవాడు.

ఆ తర్వాత ఎక్కువ కాలం గడవలేదు. ఇంకో శనివారం అత్త పొద్దున్నే తలంటుకుంది. పప్పు అన్నం మెత్తగా కలుపుకుని తింది. వసారాలో మంచం తనే వాల్చుకుని, "వాడు వచ్చిందాకా కాసేపు నడుం వాలుస్తానే. వచ్చాక లేపే పని లేదు, చదువుకోమను," అని దుప్పటి లాక్కుంది. నేను మిరపకాయల ముందు కూర్చున్నాను. టీ కాచి తీసుకెళ్ళి పిలిచాను. పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఫోను చేస్తే ఆయన ఫోను ఆగిపోయి ఉంది. పిన్నిని పిలిచాను. పిన్ని వచ్చి అత్త ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది. ఈసారి అరవలేదు. నా తల నిమిరి, మెల్లగా చర్చి వైపు నడిచివెళ్ళింది. గంట మోగడం మొదలయింది.

ఎవ్వరూ రాలేదు.

గంట మోగుతూనే ఉంది. వీధి చివరి నుంచి ఎవరో, "పిన్నీ, మళ్ళీ మోసపోయావా?" అని కేకేయడం, నవ్వడం కూడా వినపడ్డాయి. పిన్ని తాడు వదల్లేదు. నేను అత్త పక్కన ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆమె గుర్తుపెట్టుకుంటానన్న మాట తలుచుకుని నాకు ఏడుపు రాబోయి కూడా ఆగిపోయింది.

అంతలో ఆయనే వచ్చాడు. చేతిలో అరటిపళ్ళు. పళ్ళు ఊడిన తల్లికి ప్రతివారం మెత్తటివి ఏరి తెచ్చేవాడు. టీకొట్టు దగ్గర వాళ్ళు, "నువ్వు రాకముందే పాఠం మొదలెట్టింది మీ అమ్మ," అన్నారట. ఆ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"ఆగవే అమ్మా, కాళ్ళన్నా కడుక్కోనీ," అంటూ గాబు దగ్గరికి పోయాడు.

నేను లేచాను. నోరు తెరిచాను. లేపే పని లేదు, చదువుకోమను అన్న అత్త మాట అడ్డుపడింది. ఆయన ఎర్రబడ్డ నా కళ్ళు చూశాడు, పక్కన మిరపకాయల గుట్ట చూశాడు. "పిన్ని మళ్ళీ గంట కొడతా ఉందేందే? ఎవరన్నా పోయి చెప్పండి ఆమెకి," అన్నాడు. తల దువ్వుకున్నాడు. పుస్తకం తీసి తల్లి తల దగ్గర నిలబడ్డాడు. నేను గడప పక్కన కూర్చున్నాను.

ఆ రోజు చాలా బాగా చదివాడు. ప్రార్థన చదివాడు, వాక్యం చదివాడు. ఎక్కడా తడుముకోలేదు. ఆ చిన్న మాట దగ్గరికి వచ్చాడు. గొంతు జారింది. ఆగాడు.

"గట్టిగా" అనే మాట కోసం ఆగాడు.

గంట ఇంకో దెబ్బ మోగింది. ఆయన పుస్తకం మీంచి కళ్ళెత్తి తల్లి మొహం చూశాడు. "అమ్మా," అన్నాడు. "అమ్మా, అనవేందే?" అని దుప్పటి మీద చెయ్యి వేశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. ఆ చూపు నేను చెప్పలేను.

మర్నాడు ఆరాధన అయ్యాక సమాధి. వాగులో చుక్క నీళ్ళు లేవు, అయ్యగారు పొద్దున్నే వచ్చారు. ఊరంతా వచ్చింది, చివరింటాయన కూడా వచ్చి అందరికంటే ముందు పెట్టెకు భుజం పట్టాడు. గుంట దగ్గర అయ్యగారు పుస్తకం తెరిచి మా ఆయన చేతికి ఇవ్వబోయారు. "మీ అమ్మ నాకు ముందే చెప్పిపెట్టిందిరా. నువ్వు చదువు. నేను నీ పక్కనే ఉంటా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చదివేశానయ్యగారూ."

"అదేందిరా?"

"నిన్న చదివేశాను. కొంచెం మిగిలింది. అది నా వల్ల కాదు."

అయ్యగారు ఇంకేం అడగలేదు. ముసలి గొంతుతోనే మొదటినుంచి చివరిదాకా అంతా చదివారు. చివర నిలబడ్డవాళ్ళకు కూడా వినపడింది.

సోమవారం ఆయన బస్సు ఎక్కలేదు. పుస్తకాల సంచి మేకుకు తగిలించి తాపీ చేతికి తీసుకున్నాడు. చివరి పరీక్షలు దగ్గర్లోనే ఉన్నాయి. నేను రెండు రోజులు చూసి, అన్నం వడ్డిస్తూ అన్నాను. "మాట లేకుండా పంపలేదుగా. అయ్యగారు చెప్పారు. చాలదా?"

"ఎవరి మాట కోసం ఆగిందే ఆమె రెండేళ్ళు?"

"అయితే చదువు మానుకుంటావా?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "తల్లి పడుకుందో పోయిందో తెలియనోడిని. పదిమందికి నేనేం కాపరినే?"

నేను కూర గిన్నె ముందుకు జరిపాను. ఆ సంచి మేకుకే ఉండిపోయింది.

పోయినవాళ్ళను తలుచుకునే జ్ఞాపకార్థ కూడిక జరిగేలోపల సమాధి కట్టించడం మాలో మామూలు. వేరే మేస్త్రిని పిలవనివ్వలేదు ఆయన. ఒక పొద్దున ఇద్దరం ఇటుకలూ ఇసుకా సిమెంటూ చేర్చుకుని వెళ్ళాం. పెళ్ళయిన కొత్తలోలాగే నేను మాలు కలిపి బొచ్చెతో అందిస్తున్నాను, ఆయన కడుతున్నాడు. దారం పట్టి వరస చూసుకున్నాడు. ఏ ధనవంతుడి ఇంటికీ అంత సమంగా వరసలు పెట్టడం నేను చూడలేదు. తల వైపు శిలువ నిలబెట్టాడు. పక్కనే మామ మట్టిదిబ్బ ఉంది, ఎన్ని వానలకో నేలతో కలిసిపోయి. మిగిలిన ఇటుకలు లెక్క చూసుకుని, "నాయనకి కూడా సరిపోతయ్యిలే," అన్నాడు. అదొక్కటే అన్నాడు.

ఎండ నెత్తికెక్కే వేళకు పైన పూత పూశాడు. చెక్కతో రుద్ది, తాపీతో నున్నగా సాపు చేస్తున్నాడు. పచ్చి సిమెంటు మీద చెయ్యి అటూ ఇటూ తిరుగుతూ ఉంది. అలా తిరుగుతూనే పెదవులు కదిలాయి. ఏదో గొణిగాడు. నాకు సగం వినపడలేదు. కానీ ఏ మాటో తెలిసిపోయింది.

నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఖాళీ బొచ్చె చంకలో పెట్టుకుని అన్నాను. "గట్టిగా చెప్పయ్యా. చివర్న నిలబడ్డోళ్ళకి ఇనపడొద్దా?"

ఆయన చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు. ఆ సమాధుల దొడ్లో నేను తప్ప నిలబడ్డవాళ్ళు ఎవరూ లేరు, కంచె దగ్గర రెండు మేకలు తప్ప. ఊపిరి పీల్చుకున్నాడు. చెప్పాడు. మంటికి అప్పగించే మాట, తిరిగి లేచే మాట, మొదటినుంచి చివరిదాకా గట్టిగా చెప్పాడు. మేకలు తలెత్తి చూశాయి. చెప్పాక తాపీ కిందపడేసి, పూత అంటని పక్కన ఇటుకల మీద తల ఆనించి ఏడ్చాడు. తల్లి పోయిన రోజు ఏడవలేదు ఆయన, ఆ రోజు ఏడ్చాడు.

చాలాసేపటికి మొహం తుడుచుకున్నాడు. "ఇనపడిందంటావా?" అన్నాడు.

ఏం చెప్పాలి నేను? ఆయన చదివిన చదువు నేను చదవలేదు.

"నాకినపడిందయ్యా," అన్నాను.

ఆయన నన్ను చూసి తల ఊపాడు. బకెట్లో నీళ్ళు పోసి తాపీ కడిగాడు. బొచ్చె నేను కడిగాను.

సోమవారం ఆయన సంచి మేకు మీంచి తీసుకున్నాడు. పరీక్షలు రాశాడు, ఇప్పుడు అయ్యగారి వెనక ఆ ఊళ్ళన్నీ తిరుగుతున్నాడు. సమాధుల దగ్గర ఆ చిన్న మాటకు ముందు కాసేపు ఆగుతాడు. కొత్తవాళ్ళు మర్చిపోయాడేమో అనుకుంటారు. నేను వెంట ఉన్న రోజు వెనక వరుసలో నిలబడి, ఆ ఆగడం ఎవరి మాట కోసమో తెలిసి తల దించుకుంటాను. శనివారం మాత్రం ఇంట్లో పాఠం లేదు. నులకమంచం గోడకు నిలబెట్టే ఉంది. నులక వదులైంది, బిగించుకోవాలి అని ఇద్దరం అనుకుంటాం. ఎవరమూ దాన్ని కిందికి వాల్చం.